గచ్చిబౌలి మైదానములు, మాదాపురపు మందకాలములు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, దుర్గం చెరువు గట్టు మొదలుకొని మాదాపురము, కొండాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల వరకు వ్యాపించిన నేలను నేడు సైబరాబాదు అనుచున్నారు. ఈ నేలను గూర్చి వ్రాసినవారందరును దాని వేగమునే వర్ణించినారు. సీతాఫలపు చెట్లును బండరాళ్లును తప్ప మరేమియు లేని చోట పాతికేండ్లలో అద్దాల మేడలు లేచిన కథ ఎన్నిమార్లు విన్నను ఆశ్చర్యకరమే. కాని ఏ ప్రదేశపు చరిత్రయైనను దాని ఉద్ధృతిని మాత్రమే చెప్పి ఊరకుండినచో సగమే చెప్పినట్లగును. పని నిలిచిన నెలలకును, ఉత్సాహము చల్లారిన సంవత్సరములకును, ప్రేక్షకులు లేక వెలవెలబోయిన క్రీడాంగణములకును సైతము చరిత్ర కలదు. దానిని వ్రాయుటకు పూనుకొన్నవారు తక్కువ. ఈ నేలమీద వాణిజ్యమును క్రీడయు ఇంచుమించు ఒకే కాలమున, ఒకే ప్రభుత్వముచేత, ఒకే ఆశతో నాటబడినవి. రెంటికిని మందకాలములు వచ్చినవి. ఒకటి పడిన ప్రతిసారియు లేచినది. రెండవది ఒక్క చోట దక్క లేవలేకపోయినది. ఈ భేదమునకు కారణమేమని వెదకుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

వెదకుటకు కొంత వెనుకకు పోవలెను. ఏలయన క్రీడావిషయమున హైదరాబాదు ఒకప్పుడు పొందిన వేగమును తెలిసికొననిదే తరువాతి మందగమనము మనకు బోధపడదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, ఆ సంవత్సరమే భారత జట్టు బాధ్యతను కూడ స్వీకరించి, మరణపర్యంతము ఆ రెండు భారములను మోసినాడు. 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లును రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి మరల ఆసియా స్వర్ణము: ఈ మూడును ఆయన శిక్షణలోనివే. జకార్తా పోటీలనాటికే కాన్సరు ఆయన శరీరమును తినివేయుచుండెను. మరుసటి సంవత్సరము జూను 11న కాలధర్మము చెందెను.

రహీం పద్ధతిలో విశేషము ఆటగాని బలహీనతను ఒప్పుకొని దానికే సాధన చేయించుట. కుడికాలివాడు ఎడమకాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టెను. బంతిని కాలివద్ద ఎక్కువసేపు ఉంచుకొనక వెంటనే అందింపవలసిన పోటీలు పెట్టెను. ఈ నియమములవలన ఆట వేగవంతమైనది. వేగమనగా కాళ్ల పరుగే కాదు, నిర్ణయించుటలోని వేగము కూడ అని ఆయనకు తెలియును. ఆ బడిలో పెరిగిన సికింద్రాబాదు వాడు తులసీదాస్ బలరాం రోమ్ ఒలింపిక్సులో హంగరీమీదను పెరూమీదను గోలులు కొట్టెను.

అయితే ఈ వేగమునకు ఒక ఆధారము కలదు. దానిని మనవారు సాధారణముగా గుర్తింపరు. ఆ ఆటగాండ్రందరకును నెలజీతము వచ్చుచుండెను. పోలీసుశాఖలో కానిస్టేబులుగా చేరినవాడు ఉదయము మైదానమునకు పోయి, తరువాత విధులు చూచుకొని, సాయంకాలము మరల మైదానమునకు వచ్చెడివాడు. తదుపరి దశాబ్దములలో దక్షిణమధ్య రైల్వే, ఆల్విన్, ప్రాగా టూల్స్, రామచంద్రాపురపు భెల్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంకు మొదలగు సంస్థలలో ఆటగాడనునది ఉద్యోగార్హతలలో ఒకటిగా నుండెను. ఆ సంస్థల పని నెమ్మదియని, ఫైలు కదలదని, మధ్యాహ్నపు చాయి మూడు గంటలకు మొదలై నాలుగింటికి ముగియునని నిందించినవారు అనేకులు. ఆ నింద కొంతవరకు న్యాయమైనదే. కాని ఆ మందమైన ఆర్థికవ్యవస్థయే చురుకైన ఆటను పోషించినదని చెప్పుటకు నేను సంకోచింపను. 1937-38 నాటి విజయము తరువాత అర్ధశతాబ్దమునకు, 1986-87లో, ఎం. వి. నరసింహారావు నాయకత్వమున హైదరాబాదు రంజీ ట్రోఫీని గెలిచిన కాలమున మన క్రికెటర్లకు బ్యాంకు కొలువులే అన్నము పెట్టినవి.

రహీం పోయిన పిమ్మట 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. అది గతవేగపు చివరి ఊపు. ఫుట్‌బాలు మైదానములనుండి జనము మెల్లమెల్లగా క్రికెట్టువైపు తొలగిరి. 1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చి ప్రభుత్వరంగమున నియామకములు సన్నగిల్లెను. ఆల్విన్ ముక్కలై అన్యుల పాలయ్యెను. చివరకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న పెద్ద బ్యాంకులలో విలీనమై పేరులేకుండ పోయినవి. క్రీడాకారుని కొలువు అను సంప్రదాయము ఏనాడు ఎండిపోయినదో ఎవరును చెప్పలేరు; ఒక్కనాడు జరిగినది కాదు గనుక ఎవరును శోకింపలేదు.

సరిగా ఈ ఎండు కాలముననే మాదాపురమున క్రొత్త విత్తనము పడెను. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు దాని చుట్టును చూచిన వారికి కనబడినవి గుట్టలు, తుమ్మలు, కంకరరోడ్డు, 1992లో వెలసిన శిల్పారామము, ఆవల గోలకొండ కోటకు ఒకప్పుడు మంచినీరు పంపిన దుర్గం చెరువు. ఎల్ అండ్ టి సంస్థ కట్టిన ఆ పది అంతస్తుల గుండ్రని మేడ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుని ఆకాంక్షకు ప్రతిమగా నిలిచెను. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఆ సంవత్సరమే తెరువబడినది. మైక్రోసాఫ్టు తన అభివృద్ధి కేంద్రమును ఆ సంవత్సరమే నగరమున నెలకొల్పినది. అమీరుపేటలో, మైత్రీవనము చుట్టుపట్ల సందులలో, గోడలమీద కోబాల్, జావా, ఒరాకిల్ అను పేర్లు సినిమా ప్రకటనలతో పోటీపడజొచ్చెను. గుంటూరునుండి, కరీంనగరమునుండి, కర్నూలునుండి ఇంజనీరింగు పట్టాతో బస్సు దిగిన పిల్లలు ఒక్కొక గదిలో నలుగురేసి చేరి, మూడు నెలలలో ఒక భాష నేర్చి, నాలుగవ నెలలో అమెరికా ప్రయాణమునకు సన్నాహపడెడివారు.

మొదటి మందకాలము రెండేండ్లు తిరుగకముందే వచ్చెను. 2000 మార్చి 10న 5,048 అంకెను తాకిన అమెరికా నాస్‌డాక్ సూచిక, 2002 అక్టోబరు నాటికి తన విలువలో మూడువంతులకు పైగా పోగొట్టుకొనెను. ఈ వార్త అర్థముకాని తల్లిదండ్రులకు దాని ఫలితము మాత్రము వేగముగనే తెలిసినది. డల్లాసునుండి, న్యూజెర్సీనుండి కుమారుడు తిరిగివచ్చెను; లేదా వెళ్లవలసినవాడు వెళ్లలేదు. పని లేక జీతముమాత్రము తీసికొనుచు వేచియుండు స్థితికి ‘బెంచి’ అను పేరు ఇంటింటను పరిచితమైనది ఈ కాలముననే. ‘మావాడు బెంచిమీద ఉన్నాడు’ అని పెండ్లిసంబంధము మాటాడువారితో తండ్రి చెప్పవలసివచ్చినప్పుడు గొంతు తగ్గెడిది. అమీరుపేట సందులలో టు-లెట్ బోర్డులు వ్రేలాడినవి.

ఈ వాణిజ్యపు మాంద్యము ఎట్లు పుట్టునో ఇచ్చట చెప్పుట అవసరము. మాదాపురమున పనిచేయువాడు ఇచ్చట కూర్చుండి చేయు పనికి ధనమిచ్చువారు అమెరికాలోను ఐరోపాలోను ఉన్న బ్యాంకులు, బీమా సంస్థలు, పెద్ద అంగళ్లు. వారు భయపడిన వెంటనే మొట్టమొదట వాయిదావేయునది క్రొత్త సాఫ్ట్‌వేరు పనిని. చెరువు మన ఊరిదే, గట్టు మనది, తూము మనది. వాన మాత్రము ఎచ్చటనో సముద్రముల ఆవల కురియవలెను. అందుచేత ఇచ్చటివాని దక్షతలో ఏ లోపమును లేకున్నను అతని దినములు నిస్సారములు కావచ్చును. క్రీడలో కలుగు జడత్వము ఇట్టిది కాదు. దాని మూలము పరదేశమున ఉండదు. ఈ భేదము ముందు ముందు మనకు ఉపయోగించును.

ప్రభుత్వమువారు ఆ మందకాలమున చేసిన పని మెచ్చుకొనదగినది. ఐటీ వీధుల ప్రక్కనే క్రీడానగరమును నిర్మింపబూనిరి. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలు హైదరాబాదున జరిగెను. గచ్చిబౌలిలో అథ్లెటిక్ స్టేడియము, ఇండోర్ స్టేడియము, ఈతకొలను, హాకీ మైదానము, క్రీడాకారుల వసతికై ఎత్తైన భవనము కట్టబడినవి. ఆ సంవత్సరము మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభ సభాపతి జి. ఎం. సి. బాలయోగి పేరు పెద్ద స్టేడియమునకు పెట్టిరి. 2003 అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వరకు ఆఫ్రో-ఆసియా క్రీడలు అచ్చటనే ఆరంభోత్సవముతో జరిగినవి. రెండు ఖండముల పతాకములు గచ్చిబౌలి గాలిలో ఎగిరిన ఆ వారము దినములు నగరమునకు పండుగ. అంజూ బాబీ జార్జి లాంగ్‌జంపులో స్వర్ణము గెలిచినది. పురుషుల హాకీలో మనవారు పాకిస్తానును ఓడించి స్వర్ణము గొనిరి. ఆ క్రీడలు మరల ఎన్నడును, ఎచ్చటను జరుగలేదు. హైదరాబాదు సభయే వానికి మొదటిది, కడపటిది.

అటుపిమ్మట నాలుగేండ్లకు, 2007 అక్టోబరులో, ప్రపంచ సైనిక క్రీడలు వచ్చి స్టేడియము మరల నిండెను. ఈ రెంటినడుమ, తరువాతను, ఆ మహానిర్మాణము దినములు గడిపిన తీరు విచారకరము. ఉత్సవమునకై కట్టినది ఉత్సవము లేనినాడు ఏమిచేయవలెనో ఎవరును ఆలోచింపలేదు. రాజకీయ సభలు, సంగీత కచేరీలు, ఉద్యోగనియామకపు పరుగుపందెములు ఆ ట్రాకుమీద జరిగినవి. గ్యాలరీలు ముప్పదివేల మందికి. నిత్యసాధకులు ఆ సంఖ్యకు లెక్కలోనికి రానంత స్వల్పులు. శక్తి లోపించినది రాతికట్టడమున కాదు. ఆ కట్టడమునకు రోజూ తెల్లవారుజామున రావలసిన బాలుడు లేడు, ఆ బాలునికి నేర్పవలసిన రహీం లేడు, నేర్చిన పిమ్మట ఆ బాలునికి జీతమీయవలసిన సంస్థ లేదు.

ఈ ప్రసంగమున నాలుగు వందల ఎకరముల వృత్తాంతము చెప్పక తప్పదు. 2003 ఆగస్టు 9న ఆనాటి ప్రభుత్వము ఐఎంజీ భారత అను సంస్థతో ఒప్పందము చేసికొనెను. ఆ సంస్థ రిజిస్టరైనది అంతకు నాలుగు దినముల ముందు మాత్రమే. అంతర్జాతీయ స్థాయి క్రీడాశిక్షణకేంద్రములను నిర్మించుటకై మొత్తము 850 ఎకరములు. అందులో 400 ఎకరములు కంచ గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయపు సరిహద్దున. 2006లో తరువాతి ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దుచేసెను. వ్యాజ్యము మొదలై పదునెనిమిదేండ్లు సాగి, 2024లో ఉన్నతన్యాయస్థానమునను, పిదప సుప్రీంకోర్టునను ప్రభుత్వ పక్షమున ముగిసెను. ఈ కాలమంతయు ఆ నేలపై ఒక్క బంతియు దొర్లలేదు, ఒక్క బాలుడును పరుగెత్తలేదు. చెట్లు పెరిగినవి; జింకలును నెమళ్లును తిరిగినవి. 2025 వసంతమున ఆ నేలను ఐటీ నిర్మాణములకు వేలము వేయ ప్రభుత్వము పూనుకొని, యంత్రములను దింపగా విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనిని నిలిపివేసెను. అడవి నిలువవలెనని వాదించిన వారితో నేను ఏకీభవింతును. కాని ఆ వాదోపవాదములలో, ఈ నేల ఒకప్పుడు ఆటలకై ఉద్దేశింపబడినదని గుర్తుచేసికొని బాధపడినవారు నాకు కనబడలేదు. మన క్రీడావిషయక జడత్వమునకు ఇంతకంటె గొప్ప నిదర్శనము మరొకటి ఉండదు.

రెండవ మందకాలము మరింత దారుణము. 2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసెను. ఆ సంవత్సరముననే మార్చిలో శంషాబాదు విమానాశ్రయము, నవంబరులో గచ్చిబౌలినుండి దానికి పోవు బాహ్యవలయ రహదారి తెరువబడినవి. అనగా త్రోవలన్నియు సిద్ధమైన నాటికి ప్రయాణికులు తగ్గిరి. ఆ గాయము మానకముందే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లేఖలో ఏడువేల కోట్ల రూపాయలకు పైబడిన లెక్కల అసత్యమును ఒప్పుకొనెను. 1987లో మొదలై, ఏబది వేల మందికి పైగా ఉద్యోగమిచ్చి, తెలుగువాని శక్తికి తార్కాణముగా చెప్పబడిన సంస్థ అది. ఆ దినమున దాని వాటా విలువలో మూడువంతులకు పైగా ఆవిరైనది. ఆ తరువాతి వారములలో మాదాపుర వీథులలో వ్యాపించిన నిశ్శబ్దమును అచ్చటి వారెవరును మరువలేదు. క్యాబు నడుపువాడు ఫైనాన్సు వాయిదా కట్టలేకపోయెను. హాస్టలు నడుపు ఇల్లాలు రెండు పూటల వంటను ఒక పూటకు తగ్గించెను. ఇడ్లీబండివాడు తెల్లవారుజామున రుబ్బు పిండిని సగమునకు దింపెను. సంస్థలోని ఉద్యోగులుమాత్రము జీతము వచ్చునో రాదో తెలియక పనికి పోవుచునే ఉండిరి. విదేశీయ ఖాతాదారుల వ్యవస్థలను ఒక్కనాడును ఆపలేదు. కేంద్ర ప్రభుత్వము నియమించిన క్రొత్త పాలకవర్గము ఏప్రిల్ మాసమున సంస్థను టెక్ మహీంద్రాకు అప్పగింపగలిగినదన్న, అందుకు మూలము ఆ అజ్ఞాత ఉద్యోగుల నిత్యకర్మయే అని నా నమ్మకము. దొడ్డదొరల అపరాధమును చరిత్ర లిఖించినంత శ్రద్ధగా ఈ చిన్నవారి ధైర్యమును లిఖింపలేదు.

ఆశ్చర్యమేమనగా, వాణిజ్యము మూర్ఛిల్లిన ఆ 2009వ సంవత్సరముననే గచ్చిబౌలిలో క్రీడ కన్నుతెరచినది. ఆగస్టు 10 మొదలు 16 వరకు ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్పు పోటీలు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమున జరిగినవి. సైనా నెహ్వాల్ అందు క్వార్టర్ ఫైనలు చేరెను. ఇది పుల్లెల గోపీచంద్ విద్యాలయపు మొదటి పంటలలో నొకటి. 2001లో ఆల్ ఇంగ్లండ్ చాంపియనైన గోపీచంద్, లాల్ బహదూర్ స్టేడియమున ఎస్. ఎం. ఆరిఫ్ వంటి గురువులవద్ద నేర్చినవాడు. రహీం కాలపు ఓర్పుగల గురుపరంపర ఆ స్టేడియమున ఇంకను మిగిలియుండెను. 2003లో ప్రభుత్వము గచ్చిబౌలిలో అయిదెకరముల నేలను కౌలుకిచ్చినది. కట్టుటకు సొమ్ము లేదు. గోపీచంద్ తన ఇంటిని తాకట్టు పెట్టెను. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద మొత్తమును విరాళమిచ్చెను. 2008లో విద్యాలయము తెరువబడినది.

అచ్చట తెల్లవారుజామున నాలుగున్నరకు సాధన మొదలగును. రాత్రి వేళ అమెరికా పనిచేసి క్యాబులలో ఇండ్లకు మరలు ఉద్యోగులును, నిద్రకండ్లతో భుజమున సంచి వేసికొని కోర్టునకు పోవు పిల్లలును ఒకే రోడ్డుమీద ఎదురుపడు ఘడియ అది. ఆ పిల్లలలో పి. వి. సింధు ఒకతె. చిన్ననాట సికింద్రాబాదు వైపునుండి ప్రతిదినమును అంతదూరము ప్రయాణించి వచ్చెడిది. 2012లో లండనులో సైనాకు కాంస్యము, 2016లో రియోలో సింధునకు రజతము, 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ఆమెకే ప్రపంచ కిరీటము. కిదాంబి శ్రీకాంత్‌కు 2017లో నాలుగు సూపర్ సిరీస్ విజయములు, మరుసటి ఏప్రిలులో ప్రపంచ ప్రథమస్థానము. ముప్పదివేల పీఠముల స్టేడియము ఈయలేని దానిని, ఎనిమిది కోర్టుల విద్యాలయము ఇచ్చినది. ఒకే నేల, ఒకే గాలి, ఒకే సంవత్సరమున ఒకే ప్రభుత్వమిచ్చిన స్థలము. ఒకచోట 400 ఎకరములు వ్యాజ్యమున చిక్కుకొని పడియుండ, అయిదెకరములు దేశమునకు పతకములు తెచ్చినవి.

తరువాతి కాలమును త్వరగా దాటవచ్చును. 2009 నవంబరు మొదలు తెలంగాణ ఉద్యమమువలన బందులు, 2011లో నలుబది రెండు దినముల సకల జనుల సమ్మె. ఆ నాలుగైదేండ్లు క్రొత్త పెట్టుబడులు జంకినవి. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడిన పిమ్మట ఆ జంకు పోయెను. 2013-14లో 57,258 కోట్ల రూపాయలుగానున్న ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి 2,41,275 కోట్లకు చేరినవి. ఇంత ఎదుగుదల నడుమనే 2020లో మహమ్మారి వచ్చి మార్చి చివర అన్ని మేడలను ఒక్కమారు మూయించెను. పని ఆగలేదు, పనివారు ఊళ్లకు పోయి అచ్చటినుండి చేసిరి. ఆగినది ఆ మేడల నీడలో బ్రతుకువారి జీవనము. క్రీడాకారులకై కట్టిన గచ్చిబౌలి వసతిభవనము, కొన్ని వారములలోనే 1,500 పడకల ఆసుపత్రిగా మారెను. రోగులకు అది ప్రాణదానము చేసినది. అట్టి ఆపత్కాలమున అది సరియైన పనియే. కాని ఒక నగరము తన క్రీడాభవనమును తడుముకొనకుండ ఈయగలిగినదనిన, అందు అంతవరకు ఎందరు నివసించుచుండిరో ఊహింపవచ్చును.

మూడవ మాంద్యము 2023-24లో మొదలైనది. ఇది పిడుగువలె రాలేదు. 2022-23లో ఐటీ ఎగుమతులు ముప్పది ఒక్క శాతము పెరుగగా, మరుసటి సంవత్సరము పెరుగుదల పదునొకండు శాతమునకు తగ్గి 2,68,233 కోట్లవద్ద నిలిచెను. అంతకుముందు ఒక్క యేట 1,27,594 క్రొత్త ఉద్యోగములు కలుగగా, 2023-24లో సుమారు నలుబదివేలే కలిగినవి. నియామక పత్రము చేతికి వచ్చియు చేరవలసిన తేదీ రాక నెలలు గడుపు యువకులు హాస్టళ్లలో కనబడిరి. కృత్రిమమేధ అను క్రొత్త భయము బెంచిమీది వానికి నిద్ర లేకుండ చేయుచున్నది.

పని మందగించినచోటనే శరీరము కూడ మందగించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రివారును కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములు చదివి నేను చాల కలతపడితిని. వారిలో నూటికి 84 మంది కాలేయమున కొవ్వు పేరుకొన్నది. 71 మంది స్థూలకాయులు. నూటికి డెబ్బదిమందికి పైగా దినమునకు ఎనిమిది గంటలకు మించి కుర్చీలో కూర్చుండువారు. వారు నడివయసుననో అంతకు ముందుననో ఉన్నవారు. వారి కార్యాలయపు అద్దములోనుండి చూచిన, ఖాళీగానున్న మైదానములు కనబడుచునే ఉండును. ఆగస్టు మాసమున మారథాను పరుగు వచ్చి గచ్చిబౌలి స్టేడియమున ముగియును. వేలకొలది ఉద్యోగులు అందు పాల్గొందురు. అది సంతోషింపదగిన విషయము. కాని అది ఏడాదికి ఒక్క ఉదయము.

అదే స్టేడియమున 2019 నుండి హైదరాబాద్ ఎఫ్‌సీ అను ఫుట్‌బాల్ జట్టు ఆడెను. మొదటి యేడు అట్టడుగున నుండి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు కిరీటము గెలిచెను. మహమ్మారివలన ఆ విజయమును గచ్చిబౌలి ప్రేక్షకులు కండ్లార చూడలేకపోయిరి. రెండేండ్లు తిరుగకముందే జట్టు ఆర్థికముగా చితికినది, ఆటగాండ్రు విడిచిపోయిరి, యాజమాన్యము మారి, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి మరొక పేరు ధరించెను. చుట్టును రెండున్నర లక్షల కోట్ల ఎగుమతులు చేయు సంస్థలుండగా ఆ జట్టును నిలుపుటకు ఒక్క చేయి ముందుకు రాలేదు. 2024 నవంబరున అదే మైదానమున భారత జట్టు మలేషియాతో 1-1తో సమముగా ఆడి, ఆ సంవత్సరమంతయు ఒక్క విజయమును లేకుండ ముగించెను. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలు అచ్చటనే జరిగినది. ఆడినది బెంగాలు, కేరళ జట్లు. రహీం నగరము ఆతిథ్యము మాత్రమే ఈయగలిగినది. రంజీ క్రికెట్టులోను హైదరాబాదు ప్లేటు విభాగమునకు దిగజారి, 2023-24లో దానిని గెలిచి మరల పైకెక్కవలసివచ్చెను.

బ్యాడ్మింటనులో సైతము 2024 పారిస్ ఒలింపిక్సున పతకము రాలేదు. మూడు ఒలింపిక్సుల తరువాత ఇది మొదటిసారి. అయినను నేను ఆ విషయమున నిరాశపడను. అచ్చట ప్రతిదినము నాలుగున్నరకు దీపములు వెలుగుచున్నవి గనుక, ఓటమి వచ్చినను అది ఒక ఋతువు మాత్రమే. ఐటీ వాణిజ్యము మునుపు రెండుమార్లు పడి రెండుమార్లు లేచుటకు కారణము కూడ అదియే: పడిన సంవత్సరమునను అమీరుపేటలో పాఠము ఆగలేదు, కళాశాలలు మూతపడలేదు, సత్యం ఉద్యోగులు పని మానలేదు. ఎచ్చట నేర్చువాడు, నేర్పువాడు, జీతమిచ్చువాడు ముగ్గురును మిగిలియున్నారో అచ్చట మాంద్యము తాత్కాలికము. మన ఫుట్‌బాలున ఆ మువ్వురిలో జీతమిచ్చువాడు మొదట పోయెను. మిగిలిన ఇద్దరును అతని వెంట పోయిరి.

కనుక నా విన్నపము సైబరాబాదు సంస్థల అధిపతులకు. 2013 కంపెనీల చట్టము లాభములలో రెండు శాతము సమాజహితమునకు వెచ్చింపుమని మీకు విధించినది. ఒలింపిక్ క్రీడల శిక్షణను అందులో స్పష్టముగా చేర్చినది. ఒక్కొక పెద్ద సంస్థ పదిమంది ఆటగాండ్రకు కొలువిచ్చిన చాలును. పోలీసుశాఖ, రైల్వే, బ్యాంకులు తమకంత ధనము లేనినాడే అంతకంటె ఎక్కువ చేసినవి. ప్రభుత్వమువారు గచ్చిబౌలి స్టేడియమును సభలకు అద్దెకిచ్చుట మాని, శేరిలింగంపల్లి మండలపు ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు ప్రతి ఉదయమును ఉచితముగా తెరువవలెను. అచ్చట జీతముగల శిక్షకులను నియమించి, ఆ పాఠశాలకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పెట్టవలెను. ఆ మేడలలో కూర్చుండి ఈ వాక్యములను చదువుచున్న ఉద్యోగులారా, మీరు కూడ ఒక సాయంకాలము కుర్చీ విడిచి ఆ మైదానమునకు రండు.